గేర్‌బాక్సు లెక్క

రంగపతిరాజు గారు బల్ల మీద రెండు గేర్లు పెట్టారు.
ఒకటి ఓడ దిగి వచ్చింది.
ఒకటి మన షెడ్డులో ఏలీషా కోసింది, ఇంకా నూనె వాసన.
"ఏది చవకో తేల్చు అనసూయా.
తేలాక, సముద్రం దాటించిన పనిని
వెనక్కి తెద్దామో మానేద్దామో చూద్దాం."

పదకొండేళ్ళ కిందట ఈ బల్ల మీదే నేనే రాశాను:
ఇక్కడ చేస్తే ముక్కకి తొమ్మిది వందల నలభై,
అక్కడ చేయిస్తే ఐదు వందల పది.
మధ్యనున్న నాలుగు వందల ముప్ఫై
మూడు లేతులు అమ్మించింది,
పద్నాలుగు మందిని ఇంటికి పంపింది.
ఆ తీసివేతలో ఒక్క తప్పూ లేదు.
ఇప్పటికీ నాకు అదే బాధ.

మళ్ళీ గళ్ళు గీశాను.
ఓడ కిరాయి. విశాఖ రేవులో నిలవ రుసుము.
డాలరు ఎక్కిన మెట్లు.
నాలుగు నెలల ముందే కట్టే డబ్బుకి బ్యాంకు వడ్డీ.
వందకి ఏడు పనికిరానివి,
వెనక్కి పంపితే కిరాయి మనదే, పంపకపోతే నష్టమూ మనదే.
ఇటు పక్క:
కొత్త మిషను అప్పు, ఉక్కు ధర,
భీమవరంలో యనమదుర్రు గట్టున షెడ్డుకి కరెంటు, ఉన్నప్పుడు.
లేనప్పుడు డీజిలు.
గేరు కోయడం వచ్చినవాళ్ళ జీతం,
వచ్చినవాళ్ళంటూ మిగిలితే.

కూడితే ఇక్కడిదే ముప్ఫై ఆరు రూపాయలు ఎక్కువ.
"ముప్ఫై ఆరు" అన్నారు రాజుగారు,
ఎప్పుడో తెలిసినవాడి పేరు గుర్తు చేసుకుంటున్నట్టు.

ఏ గడిలో రాయాలో తెలియక నేను రాయనిది ఒకటుంది.
పోయిన భాద్రపదం, ఆకు కదలని రాత్రి,
కాళ్ళ నుంచి వీర్రాఘవులు
తెల్లారకముందే మోటారు సైకిలు మీద వచ్చాడు.
తువ్వాల్లో చుట్టిన మా ఏరియేటరు గేర్‌బాక్సు.
రెండో పన్ను నుంచి అయిదో పన్ను దాకా నున్నగా అరిగిపోయింది.
"స్పేరు ఇవ్వండమ్మా. నాలుగింట మూడు ఆగాయి. రొయ్య తేలుతోంది."
స్పేరు ఉంది.
ఏదో సముద్రం మీద, ఏదో కంటెయినర్లో.
వచ్చే నెల ఇరవయ్యో తారీఖుకి దిగుతుందని కాగితం కూడా ఉంది.
ఆయన ఆ కాగితం అంతా చదివాడు. మడిచి నాకే ఇచ్చాడు.
నలభై కౌంటు. పది రోజుల్లో పట్టుబడి.
పొద్దెక్కేసరికి గట్టు నిండా కాకులని తర్వాత విన్నాను.

ఇది ముక్కకి ఎంత పడుతుంది?

ఏలీషాని పిలిచారు.
పంపేసిన పద్నాలుగు మందిలో ఒకడు,
రిపేర్లకని మళ్ళీ వచ్చి ఉండిపోయాడు.
చంకలో దారంతో కుట్టుకున్న అట్టల పుస్తకం.
విరిగి వచ్చిన ప్రతి గేరూ అందులో ఉంది:
ఊరు, నెల, నీటి ఉప్పు, పోయిన పన్ను.
"ఆకివీడు వైపు ఫర్వాలేదండి.
గొల్లవానితిప్ప వైపు ఉప్పు ముందు సీలుని తింటది,
లోపలికి దిగి అప్పుడు పన్ను పట్టుకుంటది.
జబ్బు పన్నుది కాదండి, సీలుది."
పదకొండేళ్ళు పళ్ళు మార్చి మార్చి తెప్పించాం.
అక్కడివాళ్ళు మంచి పనివాళ్ళే, మనం చెప్పినట్టే చేశారు.
మన ఉప్పు రుచి వాళ్ళకెవరు చూపించారు?

టీ చల్లారింది. తొరక కట్టింది.
చివరికి రాజుగారు:
"గేరూ సీలూ ఇక్కడ. మోటారు ఓడలోనే రానీ.
తేలే డబ్బాల సంగతి వచ్చే ఏడు."
పేపరువాడు దీనికో పెద్ద పేరు పెడతాడు, పక్కన జెండా వేస్తాడు.
నేను మాత్రం ముప్ఫై ఆరు కింద గీత గీసి,
గడిలో పట్టక కాగితం అంచున రాశాను:
కాళ్ళ. వీర్రాఘవులు.

ఏలీషా తన గేరు తీసుకుని వెళ్తూ గుమ్మంలో ఆగాడు.
"పాతవాళ్ళలో ఇంకా మిషను పట్టగలిగినోళ్ళు ఇద్దరే అండి.
ఒకడికి చూపు ఆనదు."
"రెండోవాడెవరు?"
"నేనేనండి."